ముక్కు అటు, తోక ఇటు

ఆ పొద్దున ట్రాక్ దగ్గరికి వచ్చేటప్పటికి షావుకారు చేతిలో ఉన్నదెంత అని చూస్తే, తక్కువేమీ కాదు. రిమోట్ కార్ల దుకాణం ఒకటి. దాన్ని బొమ్మల కొట్టు అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. నిజం ఇంధనం తాగి, నిజం పొగ కక్కి, మోకాటి ఎత్తు లేకుండానే మోటారుసైకిలుని దాటిపోయే రేసు కార్లు అవి. ఆ కార్ల రోగం చెవితో విని చెప్పే తోడల్లుడు ఒకడు. వాటిని వేలికొస మీద ఆడించే కూతురు ఒకతి. వీటికి తోడు, ఒక పెద్ద కంపెనీ ఏజెన్సీ తన కొట్టుకే వస్తుందన్న మాట ఒకటి గాల్లో తిరుగుతోంది. సాయంత్రం ఫైనల్ మొదలుకాకముందే ఇందులో ఏది అమ్ముడుపోయిందో, ఎవరు అమ్మారో, ఈ వారం సంగతి అదే.

పోయినవారం మనం ఆగింది పొద్దుటి పందెం దగ్గర. ఫైనల్‌లో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పందెం అది. కూతురి కారు అందరికన్నా ముందు పరుగెడుతోంది. తిన్నటి దారి చివర, మలుపు ముందు ఆమె బ్రేకు పట్టగానే కారు తోక గిర్రున తిరిగింది. గట్టు దాటి ఎగిరి, అక్కడ బోల్తాపడ్డ కార్లు లేపడానికి నిలబడ్డ తోడల్లుడి చీలమండకే తగిలింది. ఆయన కూలబడ్డాడు. బ్రేకులు బిగించేది ఆయనే కాబట్టి తప్పు కూడా ఆయన నెత్తినే పడింది. షావుకారు అందరూ వింటుండగానే, "నీకు చెవులు తప్ప ఇంకేవీ పనిచెయ్యవయ్యా" అని పిట్ బయటికి పంపేశాడు. ఆ పెద్ద కంపెనీ ఏజెంటు మేనల్లుడి కారు మొదటి స్థానానికి వెళ్ళింది, కూతురిది చివరికి.

టవరు గదిలో కూర్చునే రిఫరీ ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇప్పటికీ అందరూ మాస్టారనే పిలుస్తారు, ఆయన కూడా అందరినీ పిల్లల్లాగానే చూస్తాడు. మైకులో ఆయన చెప్పింది పొట్టిగానే ఉంది. "మనిషికి దెబ్బ తగిలింది. ఆ బ్రేకు మీద ఆఖరున చెయ్యి పెట్టింది ఎవరో భోజనాలయ్యేలోగా పైకొచ్చి చెప్పండి. చెప్పకపోతే ఫైనల్‌లో మీ కారు ఉండదు. చెబితే ఆ మనిషి ఈ సీజనంతా గేటు లోపలికి రాకూడదు."

అందరికీ సమాధానం తెలుసు. అందుకే ఎవరూ అడగడం లేదు.

పిట్ అంటే రేకుల కప్పు, దాని కింద వరసగా టేబుళ్ళు. ఆముదం కలిసిన ఇంధనం వాసన బట్టలకి పట్టుకుంటే రెండు ఉతుకులకి గాని వదలదు. షావుకారు టేబులుకి అటువైపు, వల కంచె ముందు వేసిన స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. ఇటువైపు కూతురు పొద్దుటి నుంచి తల ఎత్తలేదు. మలుపుల్లో ఆమె కారు సూదిలో దారం ఎక్కించినట్టు దూరుతుందని డ్రైవర్లంతా ఆమెని 'సూది' అంటారు. ఆ సూది ఇప్పుడు కారు పైడొప్ప తీసి లోపలంతా గుచ్చి గుచ్చి చూస్తోంది.

వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ వంగిపోతే మార్చింది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచే మధ్య గేర్లపెట్టె విప్పి, లోపలి నూనెని పుల్లతో ఎత్తి, తేనెలా తీగ సాగుతుందో లేదో చూసి మళ్ళీ మూసింది. క్లచ్ మీది గంటలాంటి గిన్నెని వేలితో తిప్పి, లోపలి పట్టుబిళ్ళలు అంటుకోవడం లేదని నమ్మకం కుదిరాక, దాని పళ్ళకీ పెద్ద గేరు పళ్ళకీ మధ్య కాగితం ముక్క పెట్టి ఇంజన్ని బిగించింది. గేరు తిప్పి కాగితాన్ని బయటికి లాగింది. మెట్లుమెట్లుగా మడతలు పడింది, ఎక్కడా చిరగలేదు. బాబాయి నేర్పిన పద్ధతే. చిరిగితే గేర్లు ఒకదాన్నొకటి తినేస్తాయి, మడత పడకపోతే పళ్ళు జారిపోతాయి.

షావుకారుకి ఇవన్నీ అమ్మడం తెలుసు. ఏ భాగం ఏ కారుకో, ఏ అరలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పరుగుకి సరిపడా బిగించడం మాత్రం ఆయన పని కాదు. బిగించేవాడికి కూలి, అమ్మేవాడికి లాభం అని ఆయన నమ్మకం.

"నాన్నా, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా. ఒక సాయం చెయ్యి."

"చెప్పు తల్లీ."

కూతురు కారుని తన ముందు పెట్టుకుంది. కారు ముక్కు షావుకారు వైపు తిరిగి ఉంది. ఒక చేత్తో రిమోట్‌లో బ్రేకు నొక్కి పట్టుకుంది. రెండో చేతి వేళ్ళు నూనెలో మునిగి ఉన్నాయి.

"వెనక బ్రేకు నట్టు కొంచెం వదులు చెయ్యి. నా వేళ్ళు జారిపోతున్నాయి."

బ్రేకు నట్లు రెండూ కవల పిల్లల్లా పక్కపక్కనే ఉంటాయి. ఒకే రంగు, ఒకే పొడుగు. ఒకటి ముందు చక్రాల బ్రేకుది, ఒకటి వెనక చక్రాలది. షావుకారు ముందుకి వంగి, కుడిచేతి పక్కనున్న నట్టుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఆగు" అంది కూతురు.

ఆయన ఆగాడు.

"అది ముందుది నాన్నా."

"అవునా? సరే, ఇది కదా మరి" అంటూ వేళ్ళు పక్క నట్టు మీదికి జరిపాడు.

"వద్దు, తియ్యి చెయ్యి."

ఆ గొంతు విని షావుకారు చెయ్యి తీశాడు. గుమాస్తాని సరుకు ముట్టుకోవద్దన్నప్పుడు తను వాడే గొంతు అది. ఎక్కడ నేర్చుకుందో వేరే చెప్పక్కర్లేదు.

"వెనక నుంచి చూస్తే ఎడమది ముందు బ్రేకు, కుడిది వెనక బ్రేకు. ఇటు కూర్చున్నవాడికి అంతే. అటు కూర్చుంటే తిరగబడుతుంది. ఈ పిట్‌లో ఎవరూ ముక్కు తనకేసి పెట్టుకొని నట్టు పట్టుకోరు. బాబాయి అయితే కారుని తిప్పుకోకుండా స్క్రూడ్రైవరు కూడా ఎత్తడు."

"ఏదో తడబడ్డానే. దానికింత పాఠమా?"

"నువ్వు తడబడలేదు. నీ చెయ్యి తిన్నగా వెళ్ళింది, నేను చెప్పేది అదే." ఆమె రిమోట్ కింద పెట్టింది. "కొట్టులో కారు ముక్కు కొనేవాడి వైపు, తోక అమ్మేవాడి వైపు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక కారుని తోకవైపు నుంచే చూశావు. నీ కుడి అంటే కారు కుడి. ఇక్కడ ముక్కువైపు కూర్చున్నా నీ చెయ్యికి కొట్టు లెక్కే తెలుసు."

షావుకారు పక్క టేబులు వైపు చూశాడు. వాళ్ళు ఇంజను మోగిస్తున్నారు. ఆ మోత ఇంకాసేపు ఉంటే బాగుండనిపించింది.

"బాబాయి బిగించాక రెండు నట్ల మీదా పిన్ని గోళ్ళరంగుతో గీత పెడతాడు. ముందు నట్టు మీద గీత అలాగే ఉంది, వెనక దాని మీద తిరిగిపోయింది. నన్ను పడెయ్యాలని ఎవరో తిప్పారనుకున్నా. పొద్దుటి నుంచీ పిట్‌లో ఒక్కొక్కడి మొహం చూస్తూ కూర్చున్నా. తర్వాత తట్టింది, పడెయ్యాలని కాకుండా ఇంకో నట్టు తిప్పబోయి ఇది తిప్పినవాడు ఎవడా అని. నేనూ బాబాయీ ఇంధనం తేవడానికి వెళ్ళినప్పుడు ఆ స్టూలు మీద ఎవరున్నారు?"

వ్యాపారంలో ఒక సూత్రం ఉంది. సరుకులో లోపం కొనేవాడు కనిపెట్టేశాక లేదని బుకాయించకూడదు. లోపం చిన్నదని చెప్పాలి. షావుకారు ఆ సూత్రాన్నే పట్టుకున్నాడు.

"నేను ముందుది బిగిద్దామనుకున్నా. మీ బాబాయి కొట్టుకొచ్చినవాళ్ళకి చెబుతుంటే వినలేదా నేను? వెనక బ్రేకు ఎక్కువైతే తోక తిరుగుతుంది, ముందుది ఎక్కువైతే కారు బుద్ధిగా తిన్నగా పోతుంది, మలుపు తిరగడానికి కొంచెం బద్ధకిస్తుంది. అంతే కదా. రెండో స్థానం వచ్చుండేది. ఎవరికీ గోరంత గాయం కూడా తగిలేది కాదు. పొరపాటు జరిగింది."

"నట్టు తిప్పడం పొరపాటు కాదు. తప్పు నట్టు తిప్పడం పొరపాటు. అంతేనా?"

ఆయన స్టూలు మీద సర్దుకొని కూర్చున్నాడు.

"ఎవరికోసం?"

"ఏజెంటు కొట్టుకొచ్చాడు కదా ఆ రోజు. టీ తాగుతూ అన్నాడు, 'మీ అమ్మాయి గెలిస్తే మా ఇంట్లో మా మేనల్లుడి మొహం ఎలా చూడను షావుకారుగారూ' అని."

"తర్వాత?"

"తర్వాతేముంది? టీ తాగి వెళ్ళాడు."

"ఓడిపోతే ఏజెన్సీ ఇస్తానన్నాడా?"

"అలాంటివి విప్పి చెప్పరే. విప్పి చెప్పేవాడు వ్యాపారి కాడు, విప్పించుకునేవాడూ కాడు. ముల్లు ఎటు వంగిందో చూసి తూకం తెలుసుకోవాలి."

కూతురు గుడ్డ తీసుకొని వేళ్ళు తుడుచుకుంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చివర్లో, అంత నిదానంగా తుడుచుకోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఏజెన్సీ వస్తే ఎవరికే? రేపు ఆ కొట్టు నీదే కదా" అన్నాడు షావుకారు. ఈ మాట ఆయన నిజంగానే నమ్మాడు. నమ్మబట్టే దాన్ని ఆఖరి సరుకులా దాచి ఉంచాడు.

"నాకు కొట్టు ఎందుకు నాన్నా? బ్రేకు పడితే పడుతుందన్న నమ్మకం ఒకటి ఉండేది. దాంతోనే ఆ మలుపు దగ్గర అందరికన్నా ఆలస్యంగా బ్రేకు పట్టేదాన్ని. నా వేగమంతా అదే. ఇక ముందు పట్టే ప్రతిసారీ ఎవరి చెయ్యి పడిందో అనుకుంటా."

"ఇంకెప్పుడూ..."

"ఒట్టు పెట్టుకోకు. పిన్ని అంటుంది, మీ నాన్న ఒట్టు వేసిన సరుకు కొనకూడదని."

ఆ మాటకి వెనక నుంచి ఎవరో నవ్వారు. తోడల్లుడు. చీలమండకి లావుపాటి కట్టు, ఒక కాలికి బూటు, రెండో బూటు చేతిలో. కంచె పక్క గుంజ పట్టుకొని నిలబడ్డాడు. పాపం కాలు నేలకి ఆనడం లేదు. పిట్‌లో అందరూ ఆయన్ని 'చెవులు' అనే పిలుస్తారు.

"ఎప్పటి నుంచి ఉన్నావయ్యా అక్కడ?" అన్నాడు షావుకారు.

"నాకు ఆ పేరు ఊరికే పెట్టారా అన్నయ్యా?"

కూతురు తన స్టూలు ఆయన వైపు జరిపింది. "విన్నావా బాబాయ్?"

"వినక్కర్లేదు అమ్మడూ. కారు నా మీదికి వస్తున్నప్పుడే చూశా. వెనక చక్రాలు రెండూ రాళ్ళలా బిగుసుకుపోయి ఉన్నాయి, ముందువి తిరుగుతూనే ఉన్నాయి. వెనక నట్టు అని అప్పుడే తెలిసింది. కాలు పట్టుకొని కుంటుకుంటూ వచ్చి కారు చూశా. చివరిదాకా బిగించి, చిటికెడు వెనక్కి వదిలారు. అద్దాల బీరువాలో కార్లని పిల్లలు విప్పకుండా మీ నాన్న బిగించేది అలాగే." ఆయన షావుకారు వైపు చూడకుండానే చెప్పాడు. "నీ చెయ్యి నాకు తెలియదా అన్నయ్యా? నువ్వు బిగించినవి అమ్ముడుపోయాక విప్పి సరిచేసేది నేనే కదా."

"మరి అందరిముందు అంతేసి మాటలంటుంటే నోరెందుకు మూసుకున్నావు?" అంది కూతురు.

తోడల్లుడు స్టూలు మీద కూర్చొని, కాలు చేత్తో ఎత్తి పక్క డబ్బా మీద పెట్టుకున్నాడు. "నోరు తెరిచి ఏం చెయ్యను? మీ అమ్మా మీ పిన్నీ ఒకే గోడకి అటూ ఇటూ కాపురం ఉంటున్నారు. మధ్యలో తలుపు. మీ అమ్మ గిన్నెలు మా ఇంట్లో ఉంటాయి, మా మందుల డబ్బా మీ ఇంట్లో ఉంటుంది. నేను ఒక్క మాట అంటే రేపటికి ఆ తలుపుకి గడియ పడుతుంది. అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోకపోతే మా ఇంట్లో అన్నం ఉడుకుతుందా? అయినా అన్నయ్య నన్ను అన్నవి కొత్త మాటలేం కావు. కొట్టులో వినేవే. ఈసారి మైకు దగ్గర్లో ఉంది, అంతే."

"మాస్టారుకి నేనే అని చెప్పేస్తా" అని కూడా అన్నాడు, బూటులోకి చూస్తూ. "ఒక సీజనే కదా."

ఆ మాట వినగానే షావుకారు గుండె మీది బరువు దిగింది. దిగినందుకు సిగ్గేసింది కూడా. అయితే రెండింటిలో ముందొచ్చింది తేలికే. సిగ్గు దాని వెనకాల, ఆలస్యంగా వచ్చిన కొనుగోలుదారులా, తలుపు దగ్గరే నిలబడింది.

"ఒక సీజను నువ్వు గేటు దాటకపోతే నీ దగ్గరికి కారు ఎవరు తెస్తారు బాబాయ్? కార్లు పాడయ్యేది ఇక్కడ. నువ్వుండేది ఇంట్లో. వచ్చే ఏటికి అందరూ ఇంకొకడి చెవులకి అలవాటు పడిపోతారు. అప్పుడు పిన్ని ఇంట్లో అన్నం ఎలా ఉడుకుతుంది?"

తోడల్లుడు కాలి కట్టు సర్దుకున్నాడు. ఆ సంగతి ఆయనకి పొద్దుటి నుంచీ తెలుసు. తెలిసీ, ఎవరూ అడగకపోతే బాగుండనుకున్నాడు.

కూతురు షావుకారు వైపు తిరిగింది. "నువ్వు చెప్తావా నాన్నా?"

"చెప్తాను తల్లీ, చెప్పనన్నానా? ఫైనల్ కానివ్వు. ఏజెంటు ఒకసారి చెయ్యి కలిపాడంటే, నేనే మాస్టారింటికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తా. నేను గేటు దాటకపోతే ఎవరికి నష్టం? నేను కారు నడుపుతానా, బాగుచేస్తానా?"

"భోజనాలయ్యేలోగా అన్నారు మాస్టారు."

"ఈ ఒక్క పూట ఆగితే..."

"నువ్వు గేటు దాటకపోతే ఎవరికీ నష్టం లేదని నువ్వే అంటున్నావు. అయినా చెప్పవు."

ఇది లెక్కే. తప్పులేని లెక్క. దాన్ని కొట్టెయ్యడానికి షావుకారు దగ్గర ఏ అంకెలూ లేవు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కూతురు కారుని తనవైపే ఉంచుకొని వెనక నట్టు వెనక్కి తిప్పింది. కారుని టేబులు మీద తోసి, బ్రేకు మెల్లగా నొక్కి, ముందు చక్రాలు వెంట్రుకవాసి ముందుగా పట్టుకుంటున్నాయా లేదా అని చేత్తో చూసింది. మళ్ళీ తోసింది. తోడల్లుడు కళ్ళు మూసుకొని విని, "ఇంకొంచెం" అన్నాడు. ఇంకొంచెం తిప్పింది. "చాలు." గోళ్ళరంగు సీసా తీసి కొత్త గీత పెట్టింది. పైడొప్ప మూసి, నాలుగు పిన్నులూ గుచ్చి, కారుని గుడ్డమీద పడుకోబెట్టినట్టు పెట్టింది. ఫైనల్‌కి తయారైన కారు అది. ఆ పని చూసినవాళ్ళెవరైనా ఆమె పరుగుకే సిద్ధమవుతోందనుకుంటారు. షావుకారు కూడా అదే అనుకున్నాడు.

"పదండి" అంది, రిమోట్ చేతిలోకి తీసుకొని.

టవరు మెట్లు ఇనపవి. తోడల్లుడు రెండు చేతులతో కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టూ గెంతుతూ ఎక్కాడు. వెనకాల షావుకారు ఆయన బూటు పట్టుకొని ఎక్కాడు. ఎవరు ఎప్పుడు చేతికిచ్చారో ఆయనకే తెలియలేదు. పైన గదిలో కిటికీ నిండా ట్రాక్. ఎర్రమట్టి మీద టైర్ల గీతలు ఎండకి ఆరుతున్నాయి. మాస్టారు చుట్లు లెక్కపెట్టే కంప్యూటరు పక్కన డబ్బా మూత పెట్టి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆయన భోజనం అయిపోయిందన్నమాట.

"చెప్పండి. ఎవరు?"

తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకునే లోపే కూతురు అంది.

"నేనే మాస్టారూ."

మాస్టారు ఆమెని పైనుంచి కిందికి చూశాడు. "నీ కారు బ్రేకు నువ్వే చెడగొట్టుకున్నావా?"

"వెనక బ్రేకు ఎక్కువ పెడితే మలుపులో తోక తిప్పి తొందరగా బయటపడొచ్చనుకున్నా. బాబాయి ఒప్పుకోడు. అందుకని ఆయన అటు వెళ్ళినప్పుడు తిప్పేశా."

అబద్ధం అంత బాగా అమరడం తోడల్లుడు ఎప్పుడూ చూడలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని నొక్కింది, బ్రేకు నొక్కినట్టు, మెల్లగా.

"ఆలోచించుకునే చెబుతున్నావా? నీ మీద పడితే సాయంత్రం ఫైనల్ లేదు. సీజనూ లేదు."

"ఆలోచించుకున్నాను."

మాస్టారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. జీవితమంతా పిల్లలు చెప్పే కారణాలు విన్నాడు. కుర్చీ తిప్పి షావుకారు వైపు చూశాడు.

"మీరు పొద్దున పిట్‌లోనే ఉన్నారు కదండీ. మీ అమ్మాయి నట్టు తిప్పడం చూశారా?"

కూతురు అప్పుడు కిటికీ వైపు తిరిగింది. కావాలనే తిరిగిందని షావుకారుకి అర్థమైంది. తన మొహం చూస్తూ ఉంటే ఆయనకి చెప్పడం కష్టమవుతుందని తిరిగింది. అంటే ఇంకా తలుపు తెరిచే ఉంచింది. 'లేదు మాస్టారూ' అంటే చాలు. ఒక్క మాట. మిగతాది దానంతటదే వస్తుంది.

ఆ ఒక్క క్షణంలో ఆయన తలలో తిరిగింది ఏమిటంటే, సాయంత్రం కూతురు పరుగెత్తకపోతే మేనల్లుడికి ఇక అడ్డు లేదు. తోడల్లుడు బయటపడ్డాడు, రేపటి నుంచి కొట్టులో తన స్టూలు మీద తను కూర్చుంటాడు. అక్కచెల్లెళ్ళ మధ్య తలుపు తెరిచే ఉంటుంది. పిల్లకి ఒక సీజను పోతుంది, వయసుంది, ఇంకెన్ని సీజన్లు లేవు? ఇంతకన్నా మంచి బేరం తను కుదుర్చుకోవాలనుకున్నా కుదిరేది కాదు.

"చూశాను మాస్టారూ" అన్నాడు.

కూతురు భుజాలు కదల్లేదు. తోడల్లుడు మాత్రం ముక్కులోంచి చిన్న శబ్దం చేశాడు, ఇంజను ఆగిపోయే ముందు వచ్చేలాంటిది.

"సరే" అన్నాడు మాస్టారు, నమ్మకపోయినా ఇక చేసేదేం లేదన్నట్టు. "రిమోట్ ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా. కాసేపట్లో మైకులో చెబుతా."

ఆమె రిమోట్ బల్ల మీద పెట్టింది. ట్రిగ్గర్ దగ్గర ఆమె వేలు ఆనే చోట నలుపు అరిగి తెల్లబడి ఉంది. బాబాయి చెయ్యి తన భుజం మీద వేసుకొని గుమ్మం వైపు నడిచింది. గుమ్మంలో షావుకారు అడ్డంగా ఉన్నాడు, చేతిలో బూటుతో.

"కొంచెం దారి ఇవ్వండి" అంది.

మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఆయన్ని 'నువ్వు' అనే పిలిచింది. చిన్నప్పుడు అలిగి ఆయన మీద పడి కొట్టినప్పుడు కూడా నువ్వే. కొట్టుకొచ్చే పరాయివాళ్ళకి ఆయన రోజంతా ఇచ్చే మర్యాద ఎంత చల్లగా ఉంటుందో ఆయనకి మొదటిసారి తెలిసింది. పక్కకి జరిగాడు. తోడల్లుడు వెళ్తూ వెళ్తూ ఆయన చేతిలోంచి బూటు తీసుకున్నాడు.

"తూకం సరిపోయిందా అన్నయ్యా?" అన్నాడు, అంతే. వాళ్ళిద్దరూ మెట్లు దిగే చప్పుడు చాలాసేపు వినిపించింది.

షావుకారు కిందికి దిగేసరికి మెట్ల దగ్గర ఏజెంటు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్ళద్దాలు, మొహమంతా నవ్వు. రెండు చేతులతో షావుకారు చెయ్యి పట్టుకున్నాడు.

"మీకోసమే వెతుకుతున్నా. కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. ఏజెన్సీ మీదే. ఫైనల్ దాకా ఆగక్కర్లేదన్నారు."

చేతిలో చెయ్యి వెచ్చగా ఉంది. ఇంత జరిగాక కూడా షావుకారుకి ఒళ్ళు కొంచెం తేలికైంది. అలవాటు. బేరం కుదిరాక ఎదుటివాడికి ఒక మంచిమాట విసరడం కూడా అలవాటే.

"మీ మేనల్లుడు మొదట నిలబడ్డాడు. ఇక ఇంట్లో మీకు ఇబ్బంది లేదు" అన్నాడు, అర్థమైందా అన్నట్టు చూస్తూ.

ఏజెంటు పెద్దగా నవ్వాడు. "వాడా? వాడు మొదట నిలబడితేనేం, చివర నిలబడితేనేం? రెండో మలుపులో బోల్తాపడే రకం. మా చెల్లెలి పోరు పడలేక తీసుకొస్తున్నా."

"ఆ రోజు కొట్టులో అన్నారు కదా... మా అమ్మాయి గెలిస్తే వాడి మొహం ఎలా చూడను అని."

"అన్నానా?" ఏజెంటు గుర్తు చేసుకున్నాడు. "ఓహ్, అదా. సరదాకి అన్నానండీ. మీరు నవ్వారు కూడా."

నిజమే. నవ్వాడు.

"కంపెనీ మీ కొట్టుని చూసి ఇచ్చిందనుకుంటున్నారా? ఏమీ అనుకోకండి, మీలాంటి కొట్లు వాళ్ళకి బోలెడు. మీ అమ్మాయి పోయిన సీజన్లో నడిపిన తీరు చూసి అడిగారు, ఆ పిల్ల ఎవరి తాలూకు అని. పొద్దున తోక తిరిగినా ఏం ఫర్వాలేదు, ఎవరికైనా ఒక్కోసారి తిరుగుతుంది, చివరి నుంచి ఎలా వస్తుందో చూడ్డానికే కూర్చున్నాం అంటున్నాడు కంపెనీ ఆయన. ఈ సీజనంతా వాళ్ళ కారు ఆమే నడపాలి, వాళ్ళు అడిగేది అదొక్కటే. ఇంతకీ అమ్మాయెక్కడ? ఆయన ఆ డ్రైవర్లు ఎక్కి నిలబడే స్టాండ్ కింద ఉన్నాడు, ఒకసారి పలకరించాలంట."

షావుకారు స్టాండ్ వైపు చూశాడు. టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి ఒకడు నవ్వుతూ ఇటే చెయ్యి ఊపుతున్నాడు. ఇంకో పక్క, గేటు దగ్గర, ఒంటికాలి మీద గెంతుతున్న మనిషినీ అతనికి భుజం ఇచ్చి నడుస్తున్న అమ్మాయినీ కాపలావాడు ఆగి చూస్తున్నాడు. వాళ్ళని పిలవాలంటే పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే, వాళ్ళు తిరిగి చూస్తే, చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. మెట్లెక్కి మాస్టారుతో మాట మార్చాలంటే, ఆయన చెయ్యి ఇంకా ఏజెంటు రెండు చేతుల మధ్యే ఉంది.

నెత్తి మీద స్పీకరు గరగరలాడింది. పిట్‌లో ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. "డ్రైవర్లందరికీ ఒక ప్రకటన" అంది మాస్టారు గొంతు. కాగితం సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఉండండి, ఏదో చెబుతున్నారు, విందాం" అన్నాడు ఏజెంటు, చెయ్యి వదలకుండానే.

షావుకారు ఆ పూట చేసిన వ్యాపారంలో పోయినవి పోగా మిగిలింది ఏజెన్సీ ఒక్కటి. అది ఇంకా ఆయనదే, మాస్టారు గొంతు సవరించుకునేంతసేపు.